పూల పీరియడ్‌లో మగపిల్లలేరీ?

ఈమధ్య ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతికి పూల అమరిక నేర్పుతుంటే వెళ్ళి కూర్చున్నాను. ఆడపిల్లలే ఉన్నారు. మగపిల్లలేరని అడిగితే, "వాళ్ళకెందుకు మేడమ్, గ్రౌండ్‌కి పంపాం" అన్నారు టీచరు.

పాఠం మాత్రం బాగుంది. పళ్ళెంలో అరటిబోదె ముక్క పెట్టి, అందులో కాడలు గుచ్చమన్నారు. కాడను నీళ్ళలో ముంచి ఏటవాలుగా కొయ్యాలని, నీటిలో మునిగే ఆకులు తుంచెయ్యకపోతే కుళ్ళి పువ్వు త్వరగా వాడిపోతుందని చేయించి చూపారు. ఒకమ్మాయి పొడుగాటి బంతికాడను నిలబెట్టలేక నాలుగుసార్లు పడేసింది. ఐదోసారి చుట్టూ పొట్టికాడలు ఊతంగా గుచ్చి నిలబెట్టింది. బరువు, సమతూకం గురించి ఎవరూ ఆమెకు చెప్పలేదు, చేతికే తెలిసింది. ఇలాంటి పాఠాలను బళ్ళలోంచి తీసెయ్యాలని ఒకప్పుడు నేనూ వాదించాను. ఇప్పుడు అనలేను.

తగువు పూలతో కాదు. జపాన్‌లో ఇకెబానా 15వ శతాబ్దంలో క్యోటో బౌద్ధ పూజారుల చేతుల్లో రూపుదిద్దుకుంది. శతాబ్దాలపాటు అది ప్రధానంగా మగవాళ్ళ విద్య. మేజీ కాలంలో (1868-1912) ఆడపిల్లల బళ్ళలో చేరి, 'మంచి భార్య, వివేకం గల తల్లి'ని తయారుచేసే శిక్షణలో భాగమైంది. పూలు అవే, విద్య విలువే మారింది! ఆ జపానే 1994 నుంచి హైస్కూళ్ళలో గృహవిజ్ఞానాన్ని మగపిల్లలకూ తప్పనిసరి చేసింది. మన దేశంలో హంసా మెహతా కమిటీ ఆడ, మగ పిల్లలకు వేరువేరు పాఠ్యాంశాలు వద్దని 1960లలోనే చెప్పింది. ఎవరు విన్నారు?

తంగేడు, గునుగు, బంతి అంచెలంచెలుగా పేర్చి బతుకమ్మను నిలబెట్టే తెలంగాణ స్త్రీల నేర్పును మనం చదువు అనం. ఇంట్లో పూలు సర్దితే ఆడవాళ్ళ అభిరుచి. అదే పని పెళ్ళిమండపంలో చేస్తే కాంట్రాక్టు, అది ఎక్కువగా మగవాళ్ళది. గుడి ముందు మూరల లెక్కన మాలలు అమ్మే ఆమెకు మిగిలేదెంత? ఆ లెక్క కూడా ఈ పీరియడ్‌లోనే వెయ్యాలి. భర్త పోయిన తల్లికి పువ్వు ఎందుకు నిషిద్ధమైందో కూడా మాట్లాడాలి. ఆ తరగతిలో అలాంటి తల్లుల పిల్లలు ఉండరా?

గంట కొట్టాక మంచి అమరికలు హెడ్మాస్టరు గదికి వెళ్ళాయి. రాలిన రేకులు ఊడ్చింది ఆడపిల్లలే. అంతలో గ్రౌండ్ నుంచి వచ్చిన ఒక కుర్రాడు బల్లమీద మిగిలిన చామంతులు తీసుకుని, గబగబా జానెడు మాల కట్టేశాడు. వాళ్ళమ్మ మార్కెట్లో మాలలు కడుతుందట, సెలవురోజుల్లో తనూ కడతాడట. ఈ సంగతి టీచరుకు తెలుసా అని అడిగాను. "ఎవరూ అడగలేదు మేడమ్" అన్నాడు.