నెత్తురుని కంటితో కొలుస్తారా?

మా రామచంద్రపురం పక్క పేటల్లో పురుళ్ళ మాటొస్తే ఆడవాళ్ళు ఒకటే చెప్తారు. "నెత్తురు ఆగట్లేదమ్మా అంటే, మీవాళ్ళకి ప్రతిదీ గోలేనని కసిరారు." ఏ ఆసుపత్రో పేరెట్టి చెప్పను, ఇది ఏ ఒక్కచోటి సంగతీ కాదు. మా పిన్ని మాత్రం ఆ మాట విన్న రాత్రే పోయింది.

ఎంత నెత్తురు పోయిందో వాళ్ళకెలా తెలిసింది? కంటితో చూసి! ఆ కన్ను ముందు దేన్ని చూస్తుందో మనకి తెలీదా? చీరని చూస్తుంది, పేటని చూస్తుంది.

కన్ను ఎంత తప్పుతుందో 2023లో లెక్క తేలింది. కెన్యా, నైజీరియా, టాంజానియా, దక్షిణాఫ్రికాల్లో 80 దాకా ఆసుపత్రులు, 2 లక్షల 10 వేల ప్రసవాలు. మామూలు పద్ధతిలో, ఎక్కువ నెత్తురు పోయిన తల్లుల్లో సగంమందినే గుర్తుపట్టారు. గీతలున్న ప్లాస్టిక్ సంచి నడుం కింద పరిచి కొలిస్తే నూటికి 93 మందిని పట్టుకున్నారు. పట్టుకున్న వెంటనే గర్భసంచి మర్దనా, ఆక్సిటోసిన్, ట్రానెక్సామిక్ ఆమ్లం, సెలైన్, పరీక్ష అన్నీ ఒక్కసారే మొదలెట్టారు. ప్రమాదం మీదికొచ్చినవాళ్ళు నూటికి 60 మంది తగ్గారు. కొత్త మందేమీ కాదు, అన్నీ ఎప్పట్నించో ఉన్నవే!

ఆ సంచి మనకి కొత్తా? పక్కనున్న కర్ణాటకలో, బెళగావి పల్లెల్లో దాన్ని ఏనాడో వాడారు. అక్కడ 1620 మంది బాలింతల మీద చేసిన పరిశోధన 2006లో అచ్చయింది. సగంమందికి మిసోప్రోస్టాల్ బిళ్ళ, సగంమందికి ఉత్తబిళ్ళ. బిళ్ళ మింగినవాళ్ళలో అధిక రక్తస్రావం నూటికి 6, ఉత్తబిళ్ళ వాళ్ళలో 12. తేడా తేలాలంటే అలాగే చెయ్యాలంటారు, ఒప్పుకుందాం. ఆ ఉత్తబిళ్ళ మింగింది మాత్రం ఏఎన్ఎమ్‌ల చేతిమీద పురుడు పోసుకునే పల్లెటూరి ఆడవాళ్ళు. నెత్తురు వాళ్ళది. దాంతో నేర్చిన చదువు మన పేట ఆడమనిషి మంచం దాకా ఎందుకు రాదు?

తిట్ల సంగతీ చదువుకున్నవాళ్ళు లెక్కకట్టారు. ఘనా, గినీ, మయన్మార్, నైజీరియాల్లో కాన్పు గదుల్ని గమనిస్తే మూడోవంతుకి పైగా ఆడవాళ్ళకి తిట్లో, దెబ్బలో, చిన్నచూపో తగిలాయని 2019లో రాశారు. చిన్న వయసువాళ్ళకీ చదువులేనివాళ్ళకీ ఎక్కువట. మనదగ్గర లెక్కకడితే కులం గడి కూడా పెట్టండయ్యా! నొప్పులు పడేటప్పుడు తనకి కావల్సిన మనిషి పక్కనుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. మా అమ్మేమో ఆ రాత్రంతా గేటు బయట, మెట్లమీద కూర్చుంది.

అక్కల్లారా, ఆసుపత్రి అభివృద్ధి సంఘం కూర్చున్నప్పుడు పేటకి పదిమంది వెళ్ళండి. ప్రతి కాన్పు మంచానికీ గీతల సంచి ఉందా అని అడగండి. అమ్మనో అత్తనో లోపలికి రానిస్తారా అని అడగండి. పరిశోధన పేరుతో ఎవరొచ్చినా, వేలిముద్ర వేసేముందు కాగితం తెలుగులో పైకి చదివించండి. జవాబు నోటితో చెప్తే ఒప్పుకోకండి, రాయించుకుని రండి.