బోరు వేసే ముందు పూడిక తీద్దాం!

కోయంబత్తూరు, మదురై జిల్లాల తెలుగు రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు విజ్ఞప్తి

విజయనగర, నాయకరాజుల కాలంలో ఇటు వచ్చిన మన పెద్దలు చాలాచోట్ల నల్లరేగడి చూసుకుని స్థిరపడ్డారు. బంకమన్ను గుణమెరిగి సేద్యం చేశారు. మనమేమో పైన పడిన వాన ఎక్కడ ఆగిపోతోందో చూడకుండా వెయ్యి అడుగులు దాటి బోర్లు వేస్తున్నాం.

ఇసుక నేల గంటకు 30 మిల్లీమీటర్లకు పైగా నీరు తాగుతుంది. బంకనేల తాగేది 1 నుంచి 5 మిల్లీమీటర్లే. వరద తెచ్చిన సన్నటి బంక ఒండ్రు ఏటేటా చెరువు అడుగున పేరుకుని నీటిని కిందికి దిగనివ్వదు. చెరువు నిండినా పక్క బావి ఊరదు. నీరు ఎండకు ఆవిరైపోతుంది.

పొలంలోనూ అంతే. ట్రాక్టరు ఏటా ఒకే లోతున దున్నితే నాగలి కింద గట్టిపొర కట్టుకుంటుంది. మూరెడు గుంట తవ్వి చూడండి. జానెడు దాకా గుల్లగా వచ్చిన మన్ను ఆ కింద పెళ్లలుగా లేస్తుంది. పత్తివేరు అక్కడే అడ్డం తిరిగి ఉంటుంది.

అందుకే మనం చేయవలసినవి:

1. మన ఊరి చెరువు కుళమైనా, కణ్మాయైనా వేసవిలోనే పూడిక తీద్దాం. ఒండ్రు ఉచితంగా తోలుకునే అనుమతి 2024 నుంచి తహసీల్దారే ఇస్తున్నారు.

2. పేరుకున్న ఒండ్రు వరకే తీయాలి. కట్ట మొదట్లో పార వేయవద్దు. నీరు ఊటగా జారిపోకుండా ఆపేది అక్కడి బంకమన్నే.

3. ఆ మట్టిని ఎర్రనేలల్లో, ఇసుక నేలల్లో వేసి కలియదున్నాలి. నల్లరేగడికి అది అక్కర్లేదు. మురుగు చేరే పట్టణపు కుళాల మట్టి ఏ పొలానికీ వద్దు.

4. గట్టిపొర ఉన్నచోట మూడేళ్లకోసారి, నేల పొడిగా ఉన్నప్పుడు, చిజిల్ నాగలితో అడుగున్నర లోతు దున్నించాలి.

ఖర్చెవరు పెడతారంటారా? తెలంగాణలో 2015లో మొదలైన చెరువుల పథకం మిషన్ కాకతీయలో తవ్వకం ఖర్చు ప్రభుత్వం పెట్టింది, తోలకం ఖర్చు రైతులు పెట్టుకున్నారు. ఇక్కడ తమిళనాడులోనూ 2017లో ప్రభుత్వం చెరువుల మరమ్మతు పథకం కుడిమరామత్తును మళ్లీ మొదలుపెట్టింది. అడిగితే దారి ఉంది.

ఈశాన్య రుతుపవనం అక్టోబరులో వస్తుంది. ఆలోగా పని ముగియాలి. ఇరుగుపొరుగు తమిళ రైతులను వెంటబెట్టుకుని మే 1 గ్రామసభకు రండి. పూడికతీతకు తీర్మానం చేయించండి!

ఇట్లు,
మీ తోటి రైతులు