నేల మెరిస్తే చాలదు

అమీర్‌పేట, పంజగుట్ట వీధుల్లో నర్సింగ్ హోం బోర్డులకు కొదవ లేదు. మన పెద్దలను అక్కడ చేర్చేటప్పుడు నేల మెరుపు చూస్తాం, ఫినాయిల్ వాసన తగిలితే తృప్తి పడతాం. ఆ తృప్తి చాలదు. ప్రమాదమంతా పదిమంది చేతులు పడేచోట ఉంటుంది: మంచం కమ్మీ, కాలింగ్ బెల్ బటన్, కమోడ్ కుర్చీ, తలుపు గడియ.

మరుగుదొడ్డి తుడిచిన గుడ్డతోనే మంచం పక్క బల్లను తుడిస్తే క్రిములను ఒకచోటి నుంచి మరోచోటికి మోసినట్లే. ఆక్సిజన్ తేమసీసాలో స్టెరైల్ నీటికి బదులు కుళాయి నీరు పోస్తే ఆ క్రిములు ఊపిరితిత్తులకే చేరవచ్చు. చక్రాల కుర్చీకి బ్రేకు పట్టకపోతే వృద్ధుల తుంటి ఎముక విరగవచ్చు.

సిబ్బంది చాలరని యాజమాన్యాలు అంటాయి. అద్దాల రిసెప్షన్‌కు దొరికిన సొమ్ము గదికొక గుడ్డకు, బ్రేకు మరమ్మతుకు దొరకదా? 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ వైద్యుల చేత క్లోరిన్ ద్రావణంతో చేతులు కడిగించి బాలింతల మరణాలను బాగా తగ్గించాడు. అందుకు ఖరీదైన యంత్రమేదీ అవసరం కాలేదు.

ఈసారి వెళ్లినప్పుడు అడగండి: ఈ కమ్మీని ఎవరు, ఎప్పుడు తుడిచారు? ఈ బ్రేకును చివరిసారి ఎప్పుడు పరీక్షించారు? తేదీ వేసిన రిజిస్టరు చూపమనండి. మొహమాటపడకండి, మంచాన ఉన్న మనిషి తన తరఫున అడగలేరు.