బెల్లం దిమ్మ సరే... భాష మాటేమిటి?

అనకాపల్లిలో ఓ ఇల్లు. హాలు మధ్యలో సూట్‌కేసు నోరు తెరుచుకుని ఉంది. చుట్టూ ఆవకాయ, కందిపొడి, చింతపండు, బుల్లి ప్రెషర్ కుక్కరు. అన్నిటికన్నా పైన గుడ్డలో చుట్టిన బెల్లం దిమ్మ. ఇంటి పిల్ల ఎంబీబీఎస్ చదవడానికి చైనా వెళుతోంది మరి!

'ఇదెందుకు అమ్మమ్మా, బరువెక్కువైపోద్ది' అంటుంది పిల్ల.

'ఏటే, అనకాపల్లి గుంటవి... బెల్లం ముక్క లేకుండా ఎలాగెల్తావు?' అంటుంది అమ్మమ్మ.

నాన్న మాత్రం ఏమీ మాట్లాడడు. కట్టాల్సిన ఫీజు, బ్యాంకు అప్పు, తాకట్టులో ఉన్న పొలం కాగితాలు ఆయన బుర్రలో తిరుగుతుంటాయి.

రెండు దశాబ్దాలుగా తెలుగు జిల్లాల్లో ఎన్నో ఇళ్లు చూసిన దృశ్యమే ఇది. అమ్మ బెంగంతా తిండి గురించే. కానీ తిండి సంగతి నెలా రెండు నెలల్లో సర్దుకుంటుంది. వాటంతటవే సర్దుకోనివి రెండున్నాయి. ఒకటి కాగితాలు, రెండోది భాష.

ముందు కాగితాలు. చైనాలో దిగిన 24 గంటల్లోగా విదేశీయులు ఎక్కడ ఉంటున్నారో స్థానిక పోలీసుల దగ్గర నమోదు చేయించుకోవాలి. హోటల్లో దిగితే ఆ పని హోటలువాళ్లే చూస్తారు. హాస్టల్లో అయితే సాధారణంగా యూనివర్సిటీ ఆఫీసు దారి చూపిస్తుంది. ఏ స్నేహితురాలితోనో కలిసి బయట గది తీసుకుంటేనే చిక్కు. అప్పుడు ఇంటి యజమానిని వెంటబెట్టుకునో, అద్దె ఒప్పందం పట్టుకునో స్టేషనుకి వెళ్లాల్సిందే. 2013 జులై 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం ఇది మరిచిపోతే 2,000 యువాన్ల దాకా జరిమానా పడొచ్చు. గది మారితే మళ్లీ మొదటికే!

ఆర్నెల్లకు మించిన చదువుకి ఇచ్చేది ఎక్స్1 వీసా. అది గుమ్మం దాటడానికి మాత్రమే. లోపల ఉండాలంటే 30 రోజుల్లోగా నివాస అనుమతికి దరఖాస్తు చేసుకోవాలి. దాని గడువు తేదీని పుట్టినరోజు కన్నా బాగా గుర్తుపెట్టుకోవాలి. చేతిఖర్చులకి పనికొస్తుందని పిల్లలకి ఇంగ్లిషు ట్యూషన్ చెప్పడం లాంటి పనులకి ఒప్పుకోవడం ఇంకా ప్రమాదం. చదువు కోసం ఇచ్చిన అనుమతితో, అధికారుల ఆమోదం లేకుండా పని చేస్తే 5,000 నుంచి 20,000 యువాన్ల దాకా జరిమానా. మరీ తీవ్రమైతే నిర్బంధం కూడా!

పేరు సంగతీ చూసుకోవాలి. మన ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, టెన్త్ సర్టిఫికెట్లో ఒక్క అక్షరంతో ముగుస్తుంది. అక్కడ సిమ్ కార్డుకీ, బ్యాంకు ఖాతాకీ పాస్‌పోర్టే ఆధారం. కాబట్టి అన్ని కాగితాల్లోనూ పేరు ఒకేలా ఉందో లేదో ఇక్కడే సరిచూసుకోవాలి. ప్రతిదానికీ రెండేసి నకళ్లు తీసి ఒక సెట్టు ఇంటి బీరువాలో ఉంచితే మంచిది.

ఇక ఫోను. అనకాపల్లిలో కూరగాయల బండి మీద ఫోన్‌పే కోడ్ ఉన్నట్టే అక్కడా ఉంటుంది. కాకపోతే అక్కడ నడిచేవి వీచాట్, అలీపే. అసలు తలనొప్పి ఇంటికి ఫోన్ చేయడంలో వస్తుంది. వాట్సాప్, గూగుల్ అక్కడ తెరుచుకోవు. వీచాట్‌ని మన ప్రభుత్వం 2020 జూన్ 29న నిషేధించింది. అక్కడున్నది ఇక్కడ పనిచేయదు, ఇక్కడున్నది అక్కడ పనిచేయదు! ఇండియా సిమ్‌ని ఇంటర్నేషనల్ రోమింగ్‌లో ఉంచితే వాట్సాప్ నడుస్తుంది గానీ ఖర్చు ఎక్కువ. అయినా ఆ సిమ్‌ని ఆపేయకూడదు, మన బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి. ఏ పద్ధతిలో మాట్లాడుకోవాలో విమానం ఎక్కకముందే ఇంటిల్లిపాదీ తేల్చుకోవాలి. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. ఇక్కడ రాత్రి పదింటికి ఫోన్ చేస్తే అక్కడ పిల్లని అర్ధరాత్రి పన్నెండున్నరకి నిద్ర లేపినట్టే. పోలీసులకి 110, అంబులెన్సుకి 120, అగ్నిమాపక దళానికి 119... ఈ మూడు నంబర్లు పర్సులో ఉండాలి.

తిండి గురించి కూడా రెండు ముక్కలు. పచ్చి కరివేపాకు, కూరగాయలు, పళ్లు, మాంసం, పాల పదార్థాలు చైనా కస్టమ్స్ దాటవు. వాటిని సర్దడం దండగ. బెల్లం మాటకొస్తే అమ్మమ్మ ఆశ్చర్యపోతుందేమో... వాళ్లకీ ఉంది! చెరుకు రసం కాచి చేసే ఆ ముదురు రంగు చక్కెరని 'హోంగ్ తాంగ్' అంటారు. అల్లంతో వేడినీళ్లలో కలిపి నెలసరి రోజుల్లో ఆడపిల్లలకీ, కాన్పయిన వాళ్లకీ ఇస్తారు. మన శొంఠి బెల్లానికి దూరపు చుట్టం అన్నమాట.

అయితే దుకాణంలో ఆ హోంగ్ తాంగ్ అడగాలన్నా భాష రావాలి. ఒక్క 'మా' అన్న శబ్దమే పలికే తీరుని బట్టి అమ్మ అవుతుంది, గుర్రం అవుతుంది, తిట్టు కూడా అవుతుంది! క్లాసులో పాఠం ఇంగ్లిషులో చెబుతారు, నిజమే. కానీ మంచం మీద పడుకున్న రోగి 'ఇక్కడ నొప్పి' అని చెప్పేది చైనీసులో. ఆ మాట అర్థం కాని విద్యార్థికి ఆసుపత్రి వార్డు మూకీ సినిమాయే.

ఇది ఉత్త భయపెట్టడం కాదు. 2022 సెప్టెంబరులో బీజింగ్‌లోని భారత రాయబార కార్యాలయం ఇదే విషయం రాతపూర్వకంగా చెప్పింది. చైనీసులో కనీసం హెచ్ఎస్‌కే-4 స్థాయి చూపించలేని వాళ్లకి డిగ్రీ ఇవ్వరని హెచ్చరించింది. పాత లెక్కలో ఆ స్థాయి అంటే 1,200 మాటలు. అదే ప్రకటనలో ఇంకో లెక్కా ఉంది. 2015-2021 మధ్య విదేశీ వైద్య పట్టాదారులు మన దేశంలో రాయాల్సిన ఎఫ్ఎంజీఈ పరీక్షకి 40,417 మంది హాజరైతే, గట్టెక్కింది 6,387 మంది. అంటే వందకి పదహారు మంది! వార్డులో రోగి మాట అర్థం చేసుకుని నేర్చుకున్న వాళ్లకే ఆ పరీక్షలోనూ ధైర్యం ఉంటుంది.

2021 నవంబరు 18 నాటి జాతీయ వైద్య కమిషన్ నిబంధనలూ తెలుసుకోవాలి. నీట్‌లో అర్హత ఎలాగూ తప్పనిసరి. దానిపైన కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి. అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. అక్కడి పౌరులతో సమానంగా ఆ దేశంలో ప్రాక్టీసుకి లైసెన్సు పొందే అర్హత ఆ డిగ్రీకి ఉండాలి. కన్సల్టెన్సీ వాళ్లని హాస్టల్లో ఇండియన్ మెస్ ఉందా అని అడిగేముందు అడగాల్సినవి ఇవి. జవాబు నోటిమాటగా కాదు, కాగితం మీద తీసుకోవాలి.

కరోనా కాలం ఈ పాఠాన్ని గట్టిగానే నేర్పింది. 2020 జనవరి 23న వూహాన్ నగరం మూతపడింది. ఫిబ్రవరి 1న ఎయిరిండియా మొదటి విమానం 324 మందిని ఢిల్లీ చేర్చింది. ఇంటికొచ్చిన విద్యార్థులకి చైనా వీసాలు మళ్లీ మొదలైంది 2022 ఆగస్టు 24న. ఆ రెండున్నరేళ్లూ వార్డు మొహం చూడకుండా ఫోన్‌లో పాఠాలు విన్నవాళ్లు, ఆన్‌లైన్ చదువు చెల్లదంటే తల పట్టుకున్నారు.

సూట్‌కేసు దగ్గరికే వద్దాం. అమ్మమ్మ మాట తీసేయక్కర్లేదు. దిమ్మలో సగం కోసి పెట్టండి. మిగిలిన చోట ఓ చైనీసు వాచకం, ఓ తెల్ల పుస్తకం పెట్టండి. పిల్ల నేర్చుకోవడం విమానాశ్రయంలో కాదు, ఇక్కడుండగానే మొదలుపెట్టాలి.

అన్నట్టు, చైనాలో పెద్దవాళ్లు ఎదురైతే పలకరించే పాత పద్ధతి ఏమిటో తెలుసా? 'అన్నం తిన్నావా?' అచ్చం మన అమ్మల్లాగే! రోజూ ఫోన్‌లో ఆ మాట ఎలాగూ అడుగుతారు. దాని పక్కనే 'ఈరోజు ఎన్ని కొత్త మాటలు నేర్చుకున్నావమ్మా?' అని ఇంకో ప్రశ్న చేర్చండి. పొలం కాగితాలు ఇంటికి తిరిగొచ్చేది ఆ రెండో ప్రశ్నకి జవాబుతోనే.