నవ్వుకీ నికానామా కావాలా?

అమెరికాలో ఒక టీవీ హాస్య సీరియల్ ఉండేది. పేరు 'బ్రిడ్జెట్ లవ్స్ బెర్నీ'. సీబీఎస్ వాళ్ళది. 1972 సెప్టెంబర్ 16న మొదలై 1973 మార్చి 3న ఆగిపోయింది. 24 ఎపిసోడ్లు. ఆరునెలలు కూడా నిండలేదు. చూసే దిక్కులేక ఆగిపోయిందా అంటే అదీ కాదు. ఆ సీజన్లో అమెరికా మొత్తం మీద జనం ఎక్కువగా చూసినవాటిలో దానిది అయిదో స్థానం. అంతమంది చూస్తున్నదాన్ని ఒక్క సీజన్‌కే పీక నొక్కడం అప్పటిదాకా ఎప్పుడూ జరగలేదు.

నేరమల్లా ఒక్కటే. పిల్ల కాథలిక్కు, పిల్లాడు యూదు.

బ్రిడ్జెట్‌ది డబ్బున్న ఐరిష్ ఇల్లు. ఆమె స్కూలు టీచరు, అన్న చర్చి ఫాదరు. బెర్నీ టాక్సీ తోలుతాడు, రచయిత అవుదామని కలలు కంటాడు. అమ్మానాన్నలు తినుబండారాల దుకాణం నడుపుతారు, ఆ దుకాణం మీదే వీళ్ళ కాపురం. ఇద్దరూ కాస్త తిక్కవాళ్ళే. లోకం ఏమనుకుంటుందో వాళ్ళకి పట్టదు. చూసుకోవడం, తిరగడం, పెళ్ళాడడం అన్నీ ఊపిరి తీసుకునేలోపు అయిపోతాయి. ఇక నవ్వంతా రెండు వైపుల పెద్దల మొహాల్లోంచి రావాల్సిందే. కొత్త కథేం కాదు. 1922లో బ్రాడ్వేలో మొదలైన 'ఏబీస్ ఐరిష్ రోజ్' నాటకం ఇదే సరుకుతో రెండువేల పైచిలుకు ప్రదర్శనలాడింది.

మరి యాభయ్యేళ్ళ తర్వాత అదే కథకి అంత కోపం ఎందుకొచ్చింది? ఛాందసులు, మధ్యేవాదులు, సంస్కరణవాదులు - దేని మీదా ఒక్కమాట మీదికి రాని మూడు రకాల యూదు మతపెద్దలూ దీని మీద మాత్రం ఒక్కటయ్యారు. చానెల్ ఆఫీసుకెళ్ళి కూచున్నారు. అంతవరకైతే నిరసన, వాళ్ళ హక్కు. కానీ బాంబు బెదిరింపులొచ్చాయి. జ్యూయిష్ డిఫెన్స్ లీగ్ మనుషులు మాట్లాడాలంటూ తన ఇంటికొచ్చారని బ్రిడ్జెట్ వేషం వేసిన మెరెడిత్ బాక్స్టర్ తర్వాత చెప్పింది. నిర్మాత ఇంటికి బెదిరింపు ఫోన్లు చేసినందుకు ఒకడు అరెస్టయ్యాడు.

ఇక్కడిదాకా వినగానే మన సెక్యులర్ మిత్రులు చప్పట్లు కొట్టబోతారు. చూశారా, మతం ఎక్కడైనా ఇంతే, ప్రేమంటే పడదు అని. ఆగండి సాబ్. మీతోనే ముందు పేచీ.

ఆ ముసలి రబ్బీల భయం ఉత్తదేం కాదు. అరవై లక్షలమందిని చంపేసి అప్పటికి ముప్పయ్యేళ్ళు కాలేదు. యూదు ధర్మంలో బిడ్డ మతం తల్లిని బట్టి వస్తుంది. బెర్నీ బిడ్డ వాళ్ళ లెక్కలో యూదు కాదు. సంస్కరణవాదులు తండ్రి వైపునుంచి కూడా ఒప్పుకున్నది 1983లోనే. అంటే బెర్నీ ప్రేమించినప్పుడల్లా వాళ్ళు ఒక తలకాయ తగ్గిందని లెక్కేసుకున్నారు. కోట్లమంది ఉన్నవాడికి ఈ లెక్క అర్థం కాదు. వాడింట్లో ఒకడు బయటికి పెళ్ళాడితే అది ఆ ఇంటి గొడవ. మనలో ఒకడు పెళ్ళాడితే జాతి గొడవ. ఇది మనం కోరి తెచ్చుకున్న గుణం కాదు.

పైగా ఆ సీరియల్లో యూదుతనం ఎంత? దుకాణంలో తిండి, అమ్మానాన్నల యాస. అంతే! మన సినిమాల్లో ముసల్మాను కూడా ఇంతేగా. ఒక టోపీ, ఒక బిర్యానీ పళ్ళెం, రెండు 'అరే భాయ్'లు. ఇంత పల్చగా చేసి పెట్టాక ప్రేమకి అడ్డం ఏముంటుంది? వదులుకోవడానికి ఏమీ లేనివాడిగా చూపించి, చూశారా ఎంత తేలిగ్గా వదులుకున్నాడో అంటే ఎట్లా? 1989లో ఏబీసీ వాళ్ళు మళ్ళీ అదే వండారు. నడివయసు యూదు, ఐరిష్ కాథలిక్కు వితంతువు, వాళ్ళ షికార్లు. పేరేం పెట్టారనుకున్నారు? 'చికెన్ సూప్'! రెండు నెలల్లో అదీ పోయింది. మతాన్ని గిన్నెలో పోసి తాగేవాళ్ళు మతసామరస్యం గురించి మాకు చెప్పొద్దు.

ఇప్పుడు మనవాళ్ళ వంతు.

భయం నిజమే. కానీ భయపడ్డవాడు చేసేదంతా న్యాయం అయిపోదు. బెర్నీని టీవీలోంచి తరిమారు. బయట తరమగలిగారా? 2010 తర్వాత పెళ్ళి చేసుకున్న అమెరికా యూదుల్లో 61 శాతం మంది యూదులు కానివాళ్ళనే చేసుకున్నారని 2020 నాటి ప్యూ సర్వే చెప్పింది. ఒక్క సీరియల్ ఆపితే ఏమాగింది? ఆ ఇళ్ళల్లోని పిల్లలకి తమ కథ తెరమీద లేకుండా పోయింది, అంతే.

2020లోనే మన దగ్గర తనిష్క్ నగల ప్రకటన సంగతి గుర్తుందిగా. ముస్లిం అత్తగారింట్లో హిందూ కోడలికి సీమంతం చేస్తారు. లవ్ జిహాద్ అని గోల చేస్తే కంపెనీ భయపడి తీసేసింది. అప్పుడు మనమేమన్నాం? ఒక ఇంట్లో సంతోషాన్ని కూడా ఓర్వలేరా అన్నాం. సరిగ్గానే అన్నాం. మరి 1995లో 'బొంబాయి' వచ్చినప్పుడు? ముస్లిం పిల్ల హిందూ కుర్రాడితో వెళ్ళిపోయే కథ అది. ఆ సినిమాతో తగాదా పడటానికి నాకు సవాలక్ష కారణాలున్నాయి. అల్లర్లను రెండు చేతుల చప్పుడుగా చూపించడం ఒక్కటి చాలు. కానీ మనలో చాలామందికి మండింది అందుకు కాదు. పిల్ల మనదైనందుకు.

ఇక్కడ నిజం ఒప్పుకుందాం. మన ఫిఖ్‌లో మగాడు క్రైస్తవ పిల్లనో యూదు పిల్లనో నికా చేసుకోవచ్చు. ఆడపిల్లకి ఆ దారి లేదు. మనవాడు తెచ్చుకుంటే దావత్, మన పిల్ల వెళితే మౌత్. రబ్బీలు తల్లిని బట్టి లెక్కేశారు, మనం తండ్రిని బట్టి లెక్కేస్తాం. లెక్క ఎటుతిప్పినా కాపలా మాత్రం ఆడపిల్ల గుమ్మం ముందే. మైనారిటీ భయం అంటూ మనం పైకి చెప్పేదాంట్లో ఎంత భాగం మైనారిటీది, ఎంత భాగం మగాడిది? మన అక్కచెల్లెళ్ళనడగండి, చెబుతారు. అడగనిస్తే.

పల్చటి కథకి జవాబు చిక్కటి కథ. బెర్నీని తీసేయమనే బదులు వాళ్ళమ్మ భయం ఎందుకో రాయించమని రబ్బీలు అడగాల్సింది. అన్నం దగ్గర ఏ దువా చదవాలో తెలియక తడబడే ఇల్లు, పిల్లాడికి పేరు పెట్టడానికి నెలలు పట్టే ఇల్లు - వీటిలో నవ్వు లేదా? బోలెడుంది, ఏడుపుతో కలిసి ఉంది. అది మనం రాయకపోతే సూప్ వండేవాళ్ళే రాస్తారు.

ఆ నటీనటులిద్దరూ, బాక్స్టరూ డేవిడ్ బర్నీ, 1974లో నిజంగానే పెళ్ళి చేసుకున్నారు, 1989లో విడిపోయారు. శనివారం రాత్రి బ్రిడ్జెట్ వచ్చే సమయాన్ని తర్వాతి సీజన్లో చానెల్ 'మాష్'కి ఇచ్చింది. కొరియా యుద్ధంలో సైనికుల ఆస్పత్రి మీద హాస్యం. యుద్ధం మీద ఆ నవ్వు పదకొండు సీజన్లు నడిచింది.