ఇంక్లైన్ కాలనీలో వాలు పాఠం

గోదావరిఖని పక్కన యైటింక్లైన్ కాలనీ పిల్లలు రోజూ పలికే పేరులోనే ఒక గణిత పాఠం ఉంది. ఇంక్లైన్ అంటే వాలు. భూమిలోకి ఏటవాలుగా దిగే గని దారి. ఆ పిల్లలే పదో తరగతిలో నిరూపక రేఖాగణితానికి వచ్చేసరికి ‘రేఖ వాలు’ సూత్రాన్ని బట్టీ పడతారు. గనిలో ‘వన్ ఇన్ ఫోర్’ అనే వాలు ఎంత ఏటవాలో నాన్న కాళ్లకు తెలుసు. నాలుగు మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు దిగుతామని, అది సుమారు 14 డిగ్రీల కోణమని బిడ్డ పుస్తకం చెబుతుంది. ఒకే ఇంట్లో ఉన్న ఈ రెండు తెలివిడులు ఒకదాన్నొకటి పలకరించుకోవు. ఆన్‌లైన్ గణిత పాఠాల విలువను నేను ఈ గడప దగ్గరే తూచి చూస్తాను.

ఆ పాఠాలకు ముందు ఫోను కావాలి. బొగ్గుబాయిలోకి మామూలు మొబైల్ తీసుకుపోకూడదు. మీథేన్ ఉండే చోట నిప్పురవ్వ కూడా ప్రాణాంతకమే. అందుకే నాన్న ఫోను ఎక్కడుంటుందో షిఫ్టు తేలుస్తుంది. ఫస్ట్ షిఫ్టు వారంలో ఆయన మధ్యాహ్నం మూడింటికి పని దిగుతాడు. సాయంత్రం ఆయనా ఇంట్లోనే, ఫోనూ ఆయన చేతిలోనే. సెకండ్ షిఫ్టు వారంలో పిల్ల బడి నుంచి వచ్చేసరికి ఆయన బాయిలో ఉంటాడు, రాత్రి పదకొండు దాకా పైకి రాడు. ఫోను ఇంట్లో వదిలిపోతే పిల్లకు దొరుకుతుంది గానీ, లెక్క దగ్గర ఆగిపోతే అడగడానికి మనిషి దొరకడు. అంటే ఒక వారం మనిషి ఉండి ఫోను లేదు, ఇంకో వారం ఫోను ఉండి మనిషి లేడు.

నిజానికి పాఠాలకు కొరత లేదు. 2020 సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్లు మన సర్కారు బడి పిల్లలకు ఇళ్లలోనే పాఠాలు చెప్పాయి. పాఠ్యపుస్తకాల్లోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే దీక్షా వేదిక తెరుచుకుంటుంది. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఏక్‌స్టెప్ ఫౌండేషన్ తోడుగా ప్రాథమిక బడుల్లో కృత్రిమ మేధతో తెలుగు, గణితం నేర్పడం మొదలుపెట్టింది. ఖాన్ అకాడమీ, జియోజీబ్రా ఉచితం. కొలరాడో విశ్వవిద్యాలయం వారి ఫెట్ ప్రయోగాలు ఒకసారి దింపుకుంటే నెట్ లేకుండానే పనిచేస్తాయి.

అయినా 2024 అసర్ విద్యా సర్వేలో, గ్రామీణ భారతంలో ఐదో తరగతి పిల్లల్లో భాగహారం చేయగలిగినవాళ్లు 30.7 శాతమే. అదే సర్వేలో స్మార్ట్‌ఫోను వాడటం తెలిసిన 14–16 ఏళ్ల పిల్లల్లో, ముందు వారంలో చదువుకు వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవాళ్లు 76 శాతం. దీనికి పిల్లలను తిట్టి లాభం లేదు. లెక్కల వీడియో చూస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. వీడియో ఆపి, పెన్సిలు పట్టి, కాగితం మీద సొంతంగా చేసినప్పుడే ఎక్కడ తట్టుకుంటున్నామో తెలుస్తుంది. ఆ ‘ఆపు’ అనే మాట ఫోను చెప్పదు, పక్కనున్న మనిషి చెప్పాలి.

ఖాన్ అకాడమీ పుట్టింది కూడా అలాంటి మనిషి వల్లనే. 2004లో బోస్టన్‌లో ఉన్న సల్మాన్ ఖాన్, న్యూ ఆర్లీన్స్‌లోని బంధువుల అమ్మాయికి ఫోన్లో లెక్కలు చెప్పాడు. ఆమె తట్టుకున్నది మొత్తం గణితంలో కాదు, కొలమానాల మార్పిడి అనే ఒక్క చిన్న పాఠంలో. వీడియోలు తర్వాత వచ్చాయి. ‘మా పిల్లకు లెక్కలు రావు’ అనే ప్రతి తల్లీ తండ్రీ ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. రానిది లెక్కలు కాదు, ఒక మెట్టు. ఆ మెట్టు పట్టుకుంటే ఆ ఒక్కదానికి పదిహేను నిమిషాల పాఠం వెతకవచ్చు.

పాఠం దొరికాక దాన్ని మన బతుకులోకి తేవాలి. ఇక్కడి గనులు నడిపే సింగరేణి కంపెనీలో కార్మికుల లాభాల వాటా కంటే మంచి శాతాల పాఠం నాకు కనబడదు. 2023–24లో కంపెనీ నికర లాభం 4,701 కోట్ల రూపాయలు. అందులో 2,289 కోట్లు విస్తరణకు పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు, కార్మికులకు ప్రకటించారు. మొత్తం లాభంతో పోలిస్తే ఆ 796 కోట్లు సుమారు 17 శాతమే. 33 సరైనదే, 17 కూడా సరైనదే. దేనిలో శాతం అన్నదే ప్రశ్న, యూనియన్లు గొడవపడ్డదీ దాని మీదే. ఒక్కో ఉద్యోగికి సగటున లక్షా తొంభై వేలన్నారు. మరి నాన్న ఖాతాలో ఎంత పడింది? సగటుకూ దానికీ తేడా ఎందుకు? అదే ప్రకటనలో కాంట్రాక్టు కార్మికులకు తొలిసారి తలా ఐదు వేలు ఇచ్చారు, లక్షా తొంభై వేలలో అది ఎంత శాతం? ఈ చివరి లెక్క చేసిన పిల్ల కాసేపు మాట్లాడదు. మాట్లాడకపోయినా ఫర్వాలేదు, శాతం అంటే ఏమిటో ఆమెకు ఇక జీవితంలో మరుపురాదు.

పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని తెలుగులోకి తెచ్చాడు. లెక్కను మన మాటలో చెప్పుకోవడం మనకు కొత్తేమీ కాదు. మరి ఇంక్లైన్, రేకు (బొగ్గు రైలు), మస్టరు (హాజరు), మట్టిగుట్టలతో చెప్పే గణిత వీడియోలు ఎందుకు ఉండకూడదు? సింగరేణి నుంచి ఏటా సుమారు ఏడు కోట్ల టన్నుల బొగ్గు, రేకుకు సుమారు నాలుగు వేల టన్నులు. అంతా రైల్లోనే పోతే రోజుకు ఎన్ని రేకులు? దాదాపు 48. ఇలాంటి పాఠాలు ఇక్కడి టీచర్లే, సర్వే విభాగంలో పనిచేసి రిటైరైనవాళ్ల తోడుతో తయారుచేయగలరు.

కంపెనీని నేను అడిగేది పెద్దది కాదు. ప్రతి కాలనీలో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా తెరిచి ఉండే ఒక గది. నాలుగు కంప్యూటర్లు, ముందే దింపి పెట్టిన పాఠాలు, ఒక పెద్ద నల్లబల్ల, కూర్చోబెట్టి అడిగే ఒక మనిషి. క్వార్టర్లలోని పిల్లలతో పాటు బయట కిరాయి గదుల్లో ఉండే కాంట్రాక్టు కార్మికుల పిల్లలకూ అందులో చోటుండాలి.

ఇంట్లో చేయాల్సింది ఇంకా తక్కువ. సెకండ్ షిఫ్టు వారంలో నాన్న పొద్దున పిల్ల బడికి పోయే ముందు రాత్రి చేసిన కాగితం చూడాలి. లెక్క ఆయనకు రాకపోయినా ఏం కాదు. ‘గిది ఎట్ల వచ్చింది బిడ్డా, నాకు జెర చెప్పు’ అంటే చాలు. చెప్పబోయి పిల్ల మధ్యలో ఆగిన చోటే, ఆ సాయంత్రం ఫోనులో వెతకాల్సిన పాఠం ఉంటుంది.