ఎక్కువ వెలుగు... ఎక్కువ నాచు!

ఆదివారం పొద్దున్నే మా అమ్మాయి కేక.

‘నాన్నా... చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి!’

కాఫీ గ్లాసు పక్కన పెట్టి పరుగెత్తాను. ఎనిమిది గప్పీల్లో మూడు అప్పటికే పోయాయి. మిగతా అయిదూ నీళ్ళ అంచున గుటకలు మింగుతున్నాయి. తొట్టెలో నీళ్ళు పాలకూర ఉడికించిన నీళ్ళలా ఉన్నాయి. అద్దాల నిండా నాచు. మొక్కలు ఎక్కడున్నాయో కూడా కనిపించడం లేదు.

ఈ ఘనకార్యం నాదే. పుట్టినరోజు కానుకగా రెండడుగుల అక్వేరియం అడిగింది మా అమ్మాయి. ‘ప్లాస్టిక్ మొక్కలొద్దు, నిజం మొక్కలే కావాలి’ అని షరతు కూడా పెట్టింది. తెచ్చి నాటాం. వారం తిరక్కుండానే ఆకులు పసుపుబారి కరిగిపోసాగాయి. షాపులో అడిగితే ‘లైటు చాల్లేదు సార్’ అన్నారు. పది వాట్ల లైటు తీసేసి 30 వాట్లది పెట్టాను. పొద్దున ఆరింటికి వేస్తే రాత్రి పదకొండుకి ఆపేవాళ్ళం. పైగా తొట్టె పక్కనే కిటికీ, సాయంత్రం ఎండ నేరుగా పడేది. నెలన్నరకి ఫలితం మీరు చూశారుగా!

అసలు సంగతి తర్వాత తెలిసింది. అక్వేరియం మొక్కల్లో చాలావాటిని నర్సరీల్లో నీటిపైన, తేమగాలిలో పెంచుతారు. వాటిని నీళ్ళలో ముంచగానే పాత ఆకులు రాలిపోవడం మామూలే. కొన్ని వారాల్లో నీటికి అలవాటుపడ్డ కొత్త చిగుళ్ళు వస్తాయి. అంటే, మా మొక్కలకి కావాల్సింది లైటు కాదు... కాస్త ఓపిక!

మంట ఒక్కటే చాలదు

మొక్క ఆహారం తయారుచేసుకోవాలంటే వెలుగుతో పాటు కార్బన్ డై ఆక్సైడ్, నత్రజని, పొటాష్, ఇనుము లాంటి పోషకాలూ ఉండాలి. గాలిలో ఉన్న మొక్కకి కార్బన్ డై ఆక్సైడ్ కొరత రాదు. నీళ్ళలో అలా కాదు. ఆ వాయువు గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీటిలో దాదాపు పదివేల రెట్లు నెమ్మది. చేపలు వదిలే కొద్దిపాటితోనే మొక్కలు సరిపెట్టుకోవాలి.

ఇలాంటి చోట లైటు పెంచడమంటే, గిన్నెలో సరిపడా నీళ్ళు పోయకుండా పొయ్యి మంట పెంచడమే. అన్నం ఉడకదు, అడుగంటుతుంది. మొక్క వాడుకోలేని వెలుగుని నాచు అందిపుచ్చుకుంటుంది. దానికి పెద్దగా ఏ సదుపాయాలూ అక్కర్లేదు మరి! చీకటి పడ్డాక నాచు, మొక్కలు, చేపలు అన్నీ కలిసి నీటిలోని ఆక్సిజన్‌నే పీల్చుకుంటాయి. అందుకే నాచు విపరీతంగా పెరిగిన తొట్టెలో చేపలకి తెల్లవారుజామున గండం. మా గప్పీలకి జరిగింది అదే.

డబ్బా మీద మూడు అంకెలు

ఇప్పుడు అక్వేరియం లైట్లన్నీ దాదాపు ఎల్‌ఈడీలే. ‘లీటరుకి ఇన్ని వాట్లు’ అన్నది పాత ట్యూబులైట్ల రోజుల లెక్క. వాట్ అంటే లైటు తినే కరెంటు, ల్యూమెన్ అంటే అది ఇచ్చే వెలుగు. ఎల్‌ఈడీల్లో ఒక వాట్‌కి సుమారు 100 ల్యూమెన్లు వస్తాయి. కాబట్టి ల్యూమెన్లే చూడండి.

తేలిగ్గా పెరిగే మొక్కలకి లీటరు నీటికి 10 నుంచి 20 ల్యూమెన్లు చాలు. 20 నుంచి 40 వరకు మధ్యరకం. 40 దాటితే సిలిండర్‌తో కార్బన్ డై ఆక్సైడ్ ఎక్కించాల్సిందే, ఎరువులూ వేయాల్సిందే. ఇది ఉజ్జాయింపు లెక్కే. తొట్టె లోతు పెరిగేకొద్దీ అడుగుకి చేరే వెలుగు తగ్గుతుందన్నదీ గుర్తుంచుకోండి.

మా తొట్టె రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. ఇసుక, పైన వదిలిన ఖాళీ పోను 45 లీటర్ల నీళ్ళు. అంటే 450 నుంచి 900 ల్యూమెన్లు చాలు. నేను పెట్టింది 3000! తీసి అటక మీద పడేసిన పది వాట్ల లైటే సరిగ్గా సరిపోయేది.

మూడో అంకె కెల్విన్. ఇది వెలుగు రంగుని చెబుతుంది. 3000 అంటే పసుపు వెలుగు, 6500 అంటే పగటి తెల్లని వెలుగు. మొక్కలు ఎరుపు, నీలం కాంతుల్ని బాగా వాడుకుంటాయి. 6500 చుట్టుపక్కల ఉన్న మంచి తెల్లని ఎల్‌ఈడీలో అవీ ఉంటాయి, చేపల రంగులూ సహజంగా కనిపిస్తాయి. ఉత్త నీలం లైట్లు చూడ్డానికి బాగుంటాయేగానీ మొక్కల తొట్టెకి అవి చాలవు.

ముందు మొక్క... తర్వాతే లైటు

ఏ మొక్కలు పెంచాలో అనుకున్నాకే లైటు కొనాలి. అనూబియస్, జావా ఫెర్న్, క్రిప్టోకోరిన్ లాంటివి నీడపట్టునే హాయిగా బతుకుతాయి. వాలిస్నేరియా, మన చెరువుల్లో దొరికే హైడ్రిల్లా కూడా కొత్తవాళ్ళకి అనుకూలమే. ఎర్రటి ఆకుల రకాలు, అడుగంతా పచ్చిక తివాచీలా పరుచుకునే గ్లోసోస్టిగ్మా వంటివి మాత్రం గట్టి వెలుగు అడుగుతాయి.

జపాన్‌కి చెందిన ఫొటోగ్రాఫర్ తకాషి అమానో (1954-2015) నీటి అడుగున అడవుల్లాంటి తోటలు తీర్చిదిద్ది ప్రపంచాన్ని ఆకట్టుకున్నారు. 2015లో పోర్చుగల్‌లోని లిస్బన్‌లో ఆయన రూపొందించిన తొట్టె 40 మీటర్ల పొడవు! ఆ తరహా బొమ్మలు చూసి అలాంటి లైటు ఒక్కటే కొనేస్తే ప్రయోజనం లేదు. ఆ తోటల వెనక కార్బన్ డై ఆక్సైడ్, ఎరువులు, తరచూ కత్తిరింపులు... చాలా శ్రమ ఉంటుంది.

గంటలే ముఖ్యం

కొత్త తొట్టెకి రోజుకి ఆరుగంటల వెలుగు చాలు. మొక్కలు వేళ్ళూనుకున్నాక ఎనిమిది గంటలకి పెంచొచ్చు. అంతకుమించి వద్దు. చేపలకీ రాత్రి చీకటి కావాలి. కొన్ని వందల రూపాయలకి టైమర్ ప్లగ్గు దొరుకుతుంది. మనం మరిచిపోయినా అది మరిచిపోదు. ఇంట్లో అందరూ ఉండే వేళకి, సాయంత్రం నాలుగు నుంచి పదింటి దాకా పెట్టుకుంటే చూసే ముచ్చటా తీరుతుంది. తొట్టెని కిటికీ ఎండకి దూరంగా ఉంచండి.

నీళ్ళున్న చోట కరెంటుతో జాగ్రత్త. మామూలు లైటు వాడితే కింద గాజుపలక తప్పనిసరి. వైరు ప్లగ్గు కంటే కిందికి వేలాడి, మళ్ళీ పైకి వెళ్ళేలా చూడాలి. అప్పుడు వైరు వెంట జారిన నీటిచుక్క ప్లగ్గులోకి పోదు. చెయ్యి పెట్టేముందు స్విచ్ ఆపాలి.

మా తొట్టె విషయంలో చివరికి దారి చూపింది మా నాన్నగారే. ఊరినుంచి వచ్చి ఓసారి పరిశీలనగా చూసి, ‘చెరువులో తామరాకులు కప్పిన చోట ఇంత నాచు ఎప్పుడన్నా చూశావట్రా? కాస్త నీడ పడనీ’ అన్నారు. మూడోవంతు నీళ్ళు మార్చి, అద్దాలు గీకి, పాత లైటే మళ్ళీ బిగించి, ఆరుగంటలకి టైమర్ పెట్టాం. పైన నాలుగు అంతర తామర మొక్కలు వదిలాం. నెల గడిచేసరికి నీళ్ళు తేటపడ్డాయి. ఆర్నెల్లకి అయిదు గప్పీలు కాస్తా ఇరవై దాటాయి.

ఇప్పుడు రాత్రి పదింటికి టైమర్ టిక్కుమనగానే మా అమ్మాయి పుస్తకం మూసేస్తుంది. ‘చేపలు పడుకున్నాయి నాన్నా, నేనూ పడుకుంటా’ అంటుంది.

ఆ పోయిన మూడు గప్పీల గురించి మాత్రం ఇప్పటికీ అడుగుతూనే ఉంటుంది.